అజైల్ బృందాలలో బిజినెస్ అనలిస్టు

బిజినెస్ అనలిస్టు అనగా ఒక సంస్థలో జరిగే పనిని, అందులోని అవసరాలను, చిక్కులను అధ్యయనం చేసి, వాటికి తగిన సాఫ్టువేరు ఎలా ఉండవలెనో నిర్ణయించడానికి తోడ్పడే ఉద్యోగి. అజైల్ పద్ధతిలో పనిచేసే సాఫ్టువేర్ బృందాలలో ఈ ఉద్యోగి స్థానం కొంత విచిత్రమైనది. అజైల్ పద్ధతులలో మిక్కిలి ప్రచారం పొందిన స్క్రమ్ నియమావళిలో ఈ పేరుతో ఏ బాధ్యతా లేదు. అయినప్పటికీ సంస్థలు ఈ ఉద్యోగులను నియమించుకుంటూనే ఉన్నాయి. నియమావళిలో లేని మనిషి బృందంలో ఎందుకు అవసరమవుతున్నాడు, ఏ పని చేస్తాడు, ఏ పని చేయరాదు అన్న విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం వంటి భారీ వ్యవస్థలు, సాఫ్టువేర్ సంస్థలు ఒకే నగరంలో ఉన్న విశాఖపట్నం నుండి ఇందులోని ఉదాహరణలు ఎక్కువగా తీసుకొనబడినవి.

పేరు

బిజినెస్ అనే మాటకు తెలుగులో వ్యాపారం అని అర్థం చెప్పుకోవడం పరిపాటి. అందువల్ల 'వ్యాపార విశ్లేషకుడు' అనగానే షేర్ల ధరలను అంచనా కట్టే వ్యక్తి అని పొరపడే అవకాశమున్నది. ఇక్కడ బిజినెస్ అంటే ఒక సంస్థ నిర్వహించే వ్యవహారం అని గ్రహించవలెను. ఆసుపత్రిలో రోగికి పడక కేటాయించడం, పురపాలక సంఘంలో ఇంటి పన్ను వసూలు చేయడం, రేవులో ఓడకు బెర్తు ఇవ్వడం - ఇవన్నీ ఈ అర్థంలో బిజినెస్సే. ఆ లెక్కన 'వ్యవహార విశ్లేషకుడు' అనేది మరింత తగిన అనువాదం. వాడుకలో మాత్రం ఉద్యోగులు దీనిని 'బి.ఏ.' అని క్లుప్తంగా పిలుస్తారు. కళాశాలలో ఇచ్చే బి.ఏ. పట్టాకు, దీనికి సంబంధం లేదు.

అజైల్ అనే ఆంగ్ల పదానికి చురుకైన, అవసరాన్ని బట్టి వడిగా మళ్ళగల అని అర్థం.

నేపథ్యం

1960, 70 దశకాలలో కంప్యూటర్లు పెద్ద సంస్థలలో ప్రవేశించినప్పుడు ఈ పని చేసే వారిని సిస్టమ్స్ అనలిస్టు అనేవారు. సాఫ్టువేరు నిర్మాణాన్ని ఇల్లు కట్టే పనితో పోల్చి, ముందు అవసరాల సేకరణ, తర్వాత ప్లాను, తర్వాత నిర్మాణం, చివర పరీక్ష అని దశలుగా విభజించడం ఆ కాలంలో అలవాటైంది. అమెరికాకు చెందిన విన్‌స్టన్ రాయిస్ 1970లో వ్రాసిన పరిశోధనా పత్రంలో ఈ దశల చిత్రం ఉన్నది. ఇదే తరువాత 'వాటర్‌ఫాల్' పద్ధతిగా పేరు పొందింది. అయితే ఆ పత్రంలో వాటర్‌ఫాల్ అనే మాట లేదు. పైగా ఈ దశలను ఒక్కసారి మాత్రమే, ఒకదాని తర్వాత ఒకటిగా నడపడం ప్రమాదకరమని, అది వైఫల్యాన్ని ఆహ్వానిస్తుందని రాయిస్ అందులోనే హెచ్చరించాడు. చిత్రాన్ని చూసి హెచ్చరికను వదిలివేసినవారే ఎక్కువ.

ఈ పద్ధతిలో అనలిస్టు చేతి నుండి వెలువడే ప్రధాన వస్తువు అవసరాల పత్రం. వందల పుటల ఆ పత్రంపై ఖాతాదారు సంస్థ సంతకం చేసిన తర్వాత ప్రోగ్రామర్లు పని మొదలుపెట్టేవారు. సంవత్సరం తర్వాత సాఫ్టువేరు చేతికి వచ్చేసరికి నియమాలు మారిపోవడమో, అసలు అడిగినది వేరు అని తేలడమో జరిగేది. అప్పుడు పత్రంలో ఏమున్నదన్న వాదమే మిగిలేది.

దీనికి ప్రతిగా 1990 దశకంలో కొన్ని తేలికపాటి పద్ధతులు పుట్టాయి. వాటిలో కెంట్ బెక్ రూపొందించిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ ఒకటి. ఖాతాదారు ప్రతినిధి ఒకరు బృందంతో పాటు అదే గదిలో కూర్చొని, ప్రోగ్రామర్లు అడిగే ప్రశ్నలకు అప్పటికప్పుడు సమాధానం చెప్పాలనేది ఇందులోని ముఖ్య నియమం. అమెరికాలోని క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల లెక్కల ప్రాజెక్టులో ఈ పద్ధతి రూపు దిద్దుకున్నది. ఆ సాఫ్టువేరు 1997లో సుమారు 10,000 మంది ఉద్యోగుల జీతాలను లెక్కించడం ప్రారంభించింది. 2000లో ఆ ప్రాజెక్టు నిలిపివేయబడింది. అన్ని ప్రశ్నలకూ ఒక్క ప్రతినిధే సమాధానం చెప్పాలనే ఏర్పాటు ఆ మనిషిపై మోయలేని భారం వేస్తుందన్న విమర్శకు తరచుగా ఈ ప్రాజెక్టునే ఉదాహరణగా చూపుతారు.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్టువేర్ నిపుణులు సమావేశమై అజైల్ మానిఫెస్టోను ప్రకటించారు. ఇందులో 4 విలువలు, వాటికి అనుబంధంగా 12 సూత్రాలు ఉన్నాయి. విస్తారమైన పత్రాల కంటె పనిచేసే సాఫ్టువేరుకు, ఒప్పందాలపై బేరసారాల కంటె ఖాతాదారుతో కలిసి పనిచేయడానికి ఎక్కువ విలువనివ్వాలని వారు భావించారు. వ్యవహారం తెలిసినవారు, ప్రోగ్రాములు వ్రాసేవారు ప్రతిదినం కలిసి పనిచేయాలని ఒక సూత్రం చెబుతున్నది. పత్రాలకు విలువ లేదని ఈ ప్రకటన ఎక్కడా అనలేదు. కాని చాలా బృందాలు అలాగే అర్థం చేసుకున్నాయి. పత్రం వ్రాయడమే అనలిస్టు పని అని భావించిన చోట, పత్రంతో పాటు అనలిస్టు కూడా అనవసరమనే అభిప్రాయం ఏర్పడినది.

స్క్రమ్‌లో కనిపించని పేరు

స్క్రమ్ పద్ధతిని జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ 1995లో ఒక సదస్సులో వివరించారు. వారు వ్రాసిన 'స్క్రమ్ గైడ్' తొలిసారి 2010లో వెలువడింది. పనిని నెల లేదా అంతకంటె తక్కువ వ్యవధి గల 'స్ప్రింటు'లుగా విభజించి, ప్రతి స్ప్రింటు చివర పనిచేసే సాఫ్టువేరును చూపడం దీని పద్ధతి. 2020 నాటి సవరణ ప్రకారం ఇందులో మూడు బాధ్యతలు మాత్రమే ఉన్నాయి. ఏ పని ముందు, ఏది తర్వాత అని నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్, పద్ధతి సక్రమంగా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్, తయారుచేసే డెవలపర్లు. బిజినెస్ అనలిస్టు పేరు ఇందులో లేదు.

దీనిని రెండు విధాలుగా చదవవచ్చు. మొదటిది, విశ్లేషణ అవసరం లేదనుకోవడం. రెండవది, విశ్లేషణ బృందమంతటి పని గనుక దానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టలేదనుకోవడం. రెండవదే గైడ్ ఉద్దేశ్యానికి దగ్గరగా ఉన్నది. ఎందుకనగా గైడ్‌లో 'డెవలపర్లు' అనే మాటకు ప్రోగ్రామర్లు మాత్రమే అని అర్థం కాదు. తయారీకి తోడ్పడే వారందరూ అందులోకి వస్తారు. కావున విశ్లేషణ తెలిసిన వ్యక్తి డెవలపర్లలో ఒకరిగా ఉండడానికి ఆటంకం లేదు.

ఆచరణలో ఇబ్బంది ప్రొడక్ట్ ఓనర్ వద్ద వస్తుంది. పనుల వరుసను నిర్ణయించగల అధికారం ఉన్నవారికి ప్రతి చిన్న వివరాన్ని కూర్చొని చెప్పే తీరిక ఉండదు. ఓడరేవు ట్రాఫిక్ విభాగాన్ని నడిపే అధికారిని రోజుకు నాలుగు గంటలు ప్రోగ్రామర్ల పక్కన కూర్చోబెడితే రేవు పని ఆగిపోతుంది. తీరిక ఉన్న కిందిస్థాయి ఉద్యోగిని పంపితే అతనికి నిర్ణయించే అధికారం ఉండదు. ఈ ఖాళీలోనే బిజినెస్ అనలిస్టు మళ్ళీ ప్రవేశించాడు. 2003లో టొరంటో కేంద్రంగా ఏర్పడిన అంతర్జాతీయ బిజినెస్ అనాలిసిస్ సంస్థ ఈ వృత్తి కొరకు ఒక ప్రామాణిక గ్రంథాన్ని నిర్వహిస్తున్నది. అజైల్ పద్ధతిలో విశ్లేషణ గురించి దానికి అనుబంధ గ్రంథాన్ని 2013లో ప్రచురించి, 2017లో సవరించింది.

మాటల చిక్కు

విశ్లేషణలో కష్టమైన భాగం, అందరికీ తెలిసినట్లు కనిపించే మాటలలో ఉంటుంది. తెలియని మాట వస్తే ఎవరైనా అర్థం అడుగుతారు. తెలిసిన మాట వస్తే అడగరు. పొరపాట్లు అక్కడే పుడతాయి.

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైనది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుండి ఇరుకైన కాలువ గుండా ఓడలు లోపలి హార్బరుకు చేరుకుంటాయి. పెద్ద ఓడల కొరకు బయటి హార్బరు 1976లో ఏర్పడింది. ఇటువంటి రేవులో ఓడల రాకపోకలను నమోదు చేసే సాఫ్టువేరు తయారుచేస్తున్నారని అనుకుందాము. 'ఓడ వచ్చిన సమయం' అనే గడి అందులో తప్పనిసరి. కాని ఓడ ఎప్పుడు వచ్చినట్లు? సముద్రంలో లంగరు వేసినప్పుడా, సరుకు దింపడానికి సిద్ధంగా ఉన్నామని నోటీసు ఇచ్చినప్పుడా, రేవు పైలట్ ఓడ ఎక్కినప్పుడా, బెర్తు వద్ద తాళ్ళు కట్టినప్పుడా, సరుకు దింపడం మొదలైనప్పుడా? సిగ్నల్ స్టేషను ఉద్యోగికి ఒక అర్థం, పైలట్‌కు మరొక అర్థం, ఓడ ఏజెంటుకు వేరొక అర్థం ఉంటుంది. అందరూ తమ తమ అర్థంలో సరైనవారే.

ఒక ఓడ సోమవారం ఉదయం 4 గంటలకు లంగరు వేసి, మంగళవారం మధ్యాహ్నం 3 గంటల 30 నిమిషాలకు బెర్తు చేరినదనుకుందాము. ప్రోగ్రామరు బెర్తు చేరిన సమయాన్నే రాకగా తీసుకున్నట్లయితే 35 గంటల 30 నిమిషాల నిరీక్షణ నివేదికలో మాయమవుతుంది. రేవు పనితీరు ఉన్నదానికంటె మెరుగుగా కనిపిస్తుంది. ఓడను అద్దెకు తీసుకున్నవారు ఒప్పందంలోని గడువు మించితే 'డెమరేజి' అనే పరిహారం చెల్లించాలి. గడువు ఏ క్షణం నుండి లెక్కించాలన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఈ లెక్కలో ఒక్కొక్క గంటకూ ధర ఉన్నది. సాఫ్టువేరులో ఒకే గడి ఉండి, దానిని ఒక్కొక్క షిఫ్టు ఉద్యోగి ఒక్కొక్క అర్థంతో నింపినట్లయితే తగవు వచ్చిన నాడు ఆ సమాచారం ఎవరికీ అక్కరకు రాదు. ఇక్కడ అనలిస్టు చేయవలసినది ఒక సమయాన్ని ఐదు సమయాలుగా విడదీయడం, ఒక్కొక్కదానికి పేరు పెట్టడం, ఎవరు ఏది నమోదు చేయాలో వారితోనే నిర్ణయింపజేయడం.

ఉక్కు కర్మాగారంలో చిక్కు మరొక రకమైనది. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగష్టు 1న కర్మాగారం జాతికి అంకితమైంది. దాని వార్షిక సామర్థ్యం 73 లక్షల టన్నులు అని చెప్పినప్పుడు అది ద్రవ ఉక్కు లెక్క. బ్లాస్ట్ ఫర్నేసులో తయారయ్యే 'హాట్ మెటల్' టన్నులు వేరు, ద్రవ ఉక్కు టన్నులు వేరు, చివరకు అమ్మకానికి సిద్ధమయ్యే కడ్డీలు, తీగచుట్టల టన్నులు వేరు. 'ఉత్పత్తి ఎంత?' అని అడిగిన అధికారి వీటిలో దేనిని అడిగారో తెలియకుండా తెర మీద అంకె వేయడం ప్రమాదకరం. కడ్డీల విషయంలో తూకం కూడా రెండు రకాలు. కాటా మీద తూచినది ఒకటి, మందాన్ని, పొడవును బట్టి పట్టిక ప్రకారం కట్టినది మరొకటి. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.888 కిలోగ్రాములని పట్టిక చెబుతుంది. అసలు కడ్డీ ప్రమాణం అనుమతించిన మేర హెచ్చుతగ్గుగా ఉండవచ్చు. లారీ లోడు మొత్తానికి ఈ తేడా చిన్నది కాదు.

'నిన్న' అనే మాట కూడా ఇక్కడ సందేహాస్పదమే. రాత్రింబవళ్ళు నడిచే కర్మాగారాలలో ఉదయం 6 నుండి మధ్యాహ్నం 2 వరకు, అక్కడి నుండి రాత్రి 10 వరకు, తర్వాత మరునాడు ఉదయం 6 వరకు మూడు షిఫ్టులు నడవడం సాధారణం. ఉత్పత్తి దినం ఉదయం 6 గంటలకు మొదలవుతుంది. కంప్యూటరుకు మాత్రం దినం అర్ధరాత్రితో మారుతుంది. కావున రాత్రి షిఫ్టులో 2 గంటలకు పోసిన ఉక్కు కర్మాగారం లెక్కలో నిన్నటిది, కంప్యూటరు లెక్కలో ఈనాటిది. మార్చి 31 రాత్రి షిఫ్టు వచ్చినప్పుడు ఈ తేడా ఆర్థిక సంవత్సరం దాకా పోతుంది. ఆ ఎనిమిది గంటల ఉత్పత్తి ఏ సంవత్సరానికి చెందుతుందన్నది ప్రోగ్రామరు తన ఊహతో నిర్ణయించవలసిన విషయం కాదు. బృందంలో ఎవరో ఒకరికి ఆ ప్రశ్న తట్టాలి, దానిని సరైన అధికారి వద్దకు తీసుకుపోవాలి. షిఫ్టు సూపర్‌వైజరును అడిగితే ఆయన దీనిని చెప్పదగిన విషయంగా భావించరు. ఆయనకు అది ఊపిరి పీల్చినంత సహజం. అందువలన అనలిస్టు అడగడంతో సరిపెట్టుకొనక, కనీసం ఒక రాత్రి షిఫ్టులో పక్కన నిలబడి చూడడం అవసరం.

కథ నుండి పరీక్ష వరకు

అజైల్ బృందాలలో అవసరాలను 'యూజర్ స్టోరీ' అనే చిన్న వాక్యాలుగా వ్రాస్తారు. ఎవరికి, ఏమి, ఎందుకు కావాలి అనే మూడు విషయాలు అందులో ఉంటాయి. రాన్ జెఫ్రీస్ 2001లో చెప్పిన ప్రకారం స్టోరీకి మూడు అంగాలు ఉన్నాయి. అవి కార్డు, సంభాషణ, నిర్ధారణ. కార్డు మీది వాక్యం సంభాషణకు గుర్తు మాత్రమే. దానినే పూర్తి అవసరంగా భావించడం తరచుగా జరిగే పొరపాటు.

ఓడరేవుకు సంబంధించిన ఒక ఊహాజనిత స్టోరీ ఈ విధంగా ఉండవచ్చు: "ఓడ ఏజెంటుగా, నా ఓడకు కేటాయించిన బెర్తు సమయం మారిన వెంటనే నాకు తెలియాలి. అప్పుడు కూలీల గ్యాంగులను, లారీలను తగిన వేళకు ఏర్పాటు చేసుకోగలను."

చదవడానికి ఇది స్పష్టంగానే ఉన్నది. సంభాషణ మొదలైన తర్వాత ప్రశ్నలు వస్తాయి. ఐదు నిమిషాలు మారినా తెలపాలా? అర్ధరాత్రి మారితే ఫోను మోగాలా, ఉదయం వరకు ఆగవచ్చునా? ఒకే రోజున నాలుగుసార్లు మారితే నాలుగు సందేశాలా? మార్పు ఎప్పుడు ఖాయమైనట్లు, రేవులో బెర్తుల కేటాయింపు సమావేశం ముగిసినప్పుడా, అధికారి కంప్యూటరులో నమోదు చేసినప్పుడా? సందేశం ఏజెంటుకు ఒక్కరికే చాలునా, సరుకు దింపించే స్టీవిడోరుకు కూడా పంపాలా? చివరి ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. గ్యాంగులను పిలిచేది స్టీవిడోరే అయిన పక్షంలో కార్డు మీద వ్రాసిన మనిషే తప్పు.

సమాధానాలు దొరికిన తర్వాత వాటిని పరీక్షించదగిన ఉదాహరణలుగా వ్రాస్తారు. "ఓడకు మంగళవారం మధ్యాహ్నం 2 గంటలకు బెర్తు కేటాయించి ఉండగా, దానిని సాయంత్రం 6 గంటలకు మార్చినట్లయితే, ఏజెంటుకు, స్టీవిడోరుకు పాత, కొత్త సమయాలతో సందేశం వెళ్ళాలి" అనేది ఒకటి. "మార్పు 15 నిమిషాల లోపు అయితే సందేశం వెళ్ళరాదు" అనేది మరొకటి. 'ఉండగా, అయితే, అప్పుడు' అనే ఈ వరుసను డాన్ నార్త్ 2000 దశకంలో ప్రచారంలోకి తెచ్చారు. తెలుగు వాక్య నిర్మాణానికి ఇది చక్కగా ఒదుగుతుంది. అనలిస్టు, ప్రోగ్రామరు, పరీక్షకుడు ముగ్గురూ కలిసి కూర్చొని వీటిని తయారుచేయడం మంచి పద్ధతి. అనలిస్టు ఒంటరిగా వ్రాసి పంపినట్లయితే అది పాత అవసరాల పత్రమే, ముక్కలు ముక్కలుగా.

స్టోరీని ఒక స్ప్రింటులో పూర్తయ్యే ముక్కలుగా విడదీయడం కూడా ఎక్కువగా అనలిస్టు మీదనే పడుతుంది. ఈ స్ప్రింటులో డేటాబేసు, వచ్చే స్ప్రింటులో తెర అని విడదీస్తే మొదటి స్ప్రింటు చివర వినియోగదారుకు చూపడానికి ఏమీ ఉండదు. ముందు ఒక్క బెర్తుకు, ఒక్క రకం సందేశంతో చివరివరకు పనిచేసే ముక్క తయారుచేసి, తర్వాత దానిని విస్తరించడం మేలు.

వినియోగదారులు తమంతట తాము అడగని అవసరాలు కొన్ని ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటినప్పుడు నగరంలో విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు దెబ్బతిని చాలా ప్రాంతాలలో రోజుల తరబడి పనిచేయలేదు. తీర నగరంలో వాడే సాఫ్టువేరుకు ఇది అరుదైన ఊహ కాదు. నెట్‌వర్కు లేనప్పుడు పనిని కాగితం మీద నడిపి, తర్వాత కంప్యూటరులో ఎక్కించవలసి వస్తుంది. అప్పుడు సంఘటన జరిగిన సమయం, దానిని నమోదు చేసిన సమయం అని రెండు వేర్వేరు గడులు ఉండాలి. ఒకే గడి ఉంటే మూడు రోజుల పని అంతా కరెంటు వచ్చిన గంటలోనే జరిగినట్లు కనిపిస్తుంది. ఇటువంటి అవసరం సాధారణ దినాన వినియోగదారుకు గుర్తు రాదు, ప్రోగ్రామరుకు తెలియదు.

రాష్ట్రంలో పూర్వానుభవం

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సేవలను కంప్యూటరీకరించిన తొలి పథకాలు విశ్లేషణ స్వభావాన్ని తెలుసుకోవడానికి ఉపయోగపడతాయి. ఇవి అజైల్ పథకాలని చెప్పడం ఇక్కడి ఉద్దేశ్యం కాదు. రిజిస్ట్రేషన్ల శాఖలో 'కార్డ్' పథకం 1998 నవంబరు 4న 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో ప్రారంభమైనది. అంతకు పూర్వం దస్తావేజులను పుస్తకాలలోకి చేతితో నకలు వ్రాసేవారు. ఆస్తిపై తాకట్టులు, లావాదేవీల వివరాలు తెలిపే ఇ.సి. పత్రం కొరకు ఏళ్ళ తరబడి సూచికలను వెదకవలసి వచ్చేది. దస్తావేజు లేఖరి సహాయం లేకుండా సామాన్యుడు ఆ కార్యాలయంలో అడుగుపెట్టడమే కష్టం. చేతివ్రాత నకలుకు బదులు కంప్యూటరు నకలు ఉంచుకోవాలంటే సాఫ్టువేరు ఒక్కటే సరిపోలేదు. రిజిస్ట్రేషను చట్టానికి రాష్ట్ర సవరణ చేయవలసి వచ్చింది. అవసరానికి పరిష్కారం ఎల్లప్పుడూ ప్రోగ్రాములో ఉండదని, కొన్నిసార్లు నియమంలో ఉంటుందని దీనివల్ల తెలుస్తున్నది. ఈ పథకానికి నాయకత్వం వహించిన ఐ.ఎ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ తర్వాతి కాలంలో ఇ-గవర్నెన్స్‌పై గ్రంథం కూడా రచించారు.

విశాఖపట్నం నగరపాలక సంస్థ 2000 దశకం తొలినాళ్ళలో 'సౌకర్యం' అనే పథకాన్ని చేపట్టింది. ఆస్తి పన్ను చెల్లింపు, ఫిర్యాదుల నమోదు, భవన ప్లాను దరఖాస్తుల స్థితి, జనన మరణాల నమోదు వంటివి దీని ద్వారా అందించబడినవి. పన్నుల వ్యవస్థలో 'ఇల్లు' అనే మాటను పరిశీలించినట్లయితే చిక్కు అర్థమవుతుంది. పౌరుని దృష్టిలో ఇల్లు ఒకటే. పన్ను రికార్డులో అది అంతస్తుల వారీగా, అన్నదమ్ముల వాటాల వారీగా వేర్వేరు అసెస్‌మెంటు నంబర్లుగా ఉండవచ్చు. డోర్ నంబరు మారవచ్చు, యజమాని గతించి పేరు మారకుండా ఉండవచ్చు. డోర్ నంబరునే ప్రధాన గుర్తుగా తీసుకొని తయారుచేసిన సాఫ్టువేరులో తమ్ముడు కట్టిన పన్ను అన్న ఖాతాలో జమ అయ్యే ప్రమాదమున్నది.

దుబాసీ విమర్శ

అజైల్ సమర్థకులు బిజినెస్ అనలిస్టుపై చేసే ప్రధాన విమర్శ, అతడు ఇరుపక్షాల మధ్య అడ్డుగోడ అవుతాడని. ఇది కొట్టివేయదగిన విమర్శ కాదు. కోరమాండల్ తీరంలో ఐరోపా కంపెనీల కాలంలో 'దుబాసీ' అనే వృత్తి ఉండేది. రెండు భాషలు తెలిసినవాడు అని ఆ మాటకు అర్థం. దొరలకు ఇక్కడి భాష రాదు, ఇక్కడివారికి దొరల భాష రాదు. కనుక దుబాసీ లేనిదే వ్యవహారం నడిచేది కాదు. ఇరువురూ నేరుగా మాట్లాడుకోనంత కాలమే దుబాసీ పలుకుబడి. వారిలో యోగ్యులు లేకపోలేదు. పుదుచ్చేరిలో డూప్లే వద్ద దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళె దినచర్య నేటికీ చరిత్రకారులకు ఆధారం. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రతో తెలుగువారికి చిరపరిచితుడు. కాని మధ్యవర్తి మీద ఆధారపడిన వ్యవహారంలో మాట మారిపోయే ప్రమాదం ఎల్లప్పుడూ ఉంటుంది.

బృందంలో దుబాసీ లక్షణాలు ఇలా బయటపడతాయి. ప్రోగ్రామరుకు సందేహం వస్తే వినియోగదారును అడగకుండా అనలిస్టును అడుగుతాడు. అనలిస్టు తాను ఊహించిన సమాధానం చెబుతాడు. ఆ ఊహ తప్పని స్ప్రింటు చివర తేలుతుంది. అనలిస్టు సెలవు పెడితే పని ఆగిపోతుంది. దీనికి విరుగుడుగా, షిఫ్టు సూపర్‌వైజరును ప్రోగ్రామరుకు పరిచయం చేసి, వారిద్దరి మొదటి సంభాషణలో పక్కన ఉండి, తర్వాత తప్పుకోవడాన్ని అనుభవజ్ఞులు సూచిస్తారు. మాటల అర్థాలను ఒక పదకోశంగా వ్రాసి బృందమంతటికీ అందుబాటులో ఉంచడం మరొక మార్గం. సమాధానం తెలియనప్పుడు తెలియదని చెప్పి కనుక్కొని రావడం అన్నిటికంటె కష్టమైనది. అజైల్‌లో రెండు వారాల గడువు తలపై ఉంటుంది కనుక ఊహించి చెప్పాలనే ఒత్తిడి సహజం.

విదేశీ ఖాతాదారులకు పనిచేసే సేవా సంస్థలలో ఈ సమస్య మరింత జటిలం. అమెరికా తూర్పు తీరానికి, భారతదేశానికి మధ్య కాలభేదం ఋతువును బట్టి 9 గంటల 30 నిమిషాలు లేదా 10 గంటల 30 నిమిషాలు. అసలు ప్రొడక్ట్ ఓనర్ అక్కడ, బృందం ఇక్కడ. మధ్యలో బిజినెస్ అనలిస్టు 'ప్రాక్సీ' ప్రొడక్ట్ ఓనర్‌గా, అనగా బదులు మనిషిగా వ్యవహరిస్తాడు. సాయంత్రపు ఫోనులో విన్నది మరునాడు బృందానికి చెప్పడమే పనిగా మారుతుంది. బాధ్యత ఉండి అధికారం లేని స్థితి ఇది. ఋషికొండ మీద కూర్చున్న అనలిస్టుకు కిటికీలోంచి కనిపించే సముద్రం మీద ఓడల వ్యవహారం తెలియకపోవచ్చు గాని, తాను ఎన్నడూ చూడని దేశపు బీమా క్లెయిముల నియమాలు కంఠస్థమై ఉంటాయి.

ఇటీవలి పరిణామాలు

2022 చివరి నుండి కృత్రిమ మేధ ఆధారిత భాషా నమూనాలు అందుబాటులోకి వచ్చాయి. సమావేశపు సంభాషణ నుండి స్టోరీలను, పరీక్ష ఉదాహరణలను ఇవి నిమిషాలలో తయారుచేయగలవు. వ్రాత పని తగ్గడం మంచిదే. అయితే సంభాషణలో ఎవరూ పలకని నియమం ఆ వ్రాతలోకి రాదు. తేలికగా తయారైన స్టోరీలు కుప్పలు పడి, వాటిలో ఏది అవసరమో తేల్చే పని పెరిగే అవకాశం కూడా ఉన్నది. స్టోరీలు టైపు చేయడం మాత్రమే చేస్తున్న ఉద్యోగాలకు ఇది నిజమైన ముప్పు.

విశాఖపట్నంలో విద్య, ఉపాధి

నగరంలో సాఫ్టువేర్ సంస్థలు ఎక్కువగా ఋషికొండ, మధురవాడ ప్రాంతాలలోని ఐ.టి. కొండలపై ఉన్నాయి. ఇన్ఫోసిస్ కేంద్రం 2023 అక్టోబరులో ప్రారంభించబడినది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం టి.సి.ఎస్.కు ఋషికొండ వద్ద 21.16 ఎకరాలు నామమాత్రపు ధరకు కేటాయించింది. 1926లో స్థాపించబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, గీతం, 2015లో ప్రారంభమైన ఐ.ఐ.ఎం. విశాఖపట్నం నగరంలోని ముఖ్య విద్యాసంస్థలు.

బిజినెస్ అనలిస్టు కావడానికి నిర్ణీతమైన పట్టా ఏదీ లేదు. ఇంజనీరింగు, ఎం.బి.ఏ., వాణిజ్య శాస్త్రం చదివినవారు, పరీక్షకులుగా పనిచేసినవారు ఈ వృత్తిలోకి వస్తుంటారు. రేవులోనో, కర్మాగారంలోనో, బ్యాంకులోనో కొన్నేళ్ళు పనిచేసి తర్వాత సాఫ్టువేరు వైపు వచ్చినవారికి ఇందులో సహజమైన అనుకూలత ఉన్నది. నగరంలో అటువంటివారు తక్కువ కాకున్నా నియామకాలలో వారికి దక్కవలసినంత గుర్తింపు దక్కుతున్నట్లు కనిపించదు. ధ్రువపత్రాలలో అంతర్జాతీయ బిజినెస్ అనాలిసిస్ సంస్థ ఇచ్చే ఇ.సి.బి.ఏ. ప్రవేశ స్థాయికి చెందినది, దీనికి అనుభవం అవసరం లేదు. అదే సంస్థ ఇచ్చే సి.బి.ఏ.పి.కి 7,500 గంటల విశ్లేషణ అనుభవం చూపాలి. అజైల్ విశ్లేషణకు ప్రత్యేక ధ్రువపత్రాన్ని ఆ సంస్థ 2018లో ప్రవేశపెట్టింది.